మా ఇంట్లో పస్తా

నా భార్య పోయిన నాలుగో రోజు నుంచి మా ఇంట్లో వంట నేనే చేశాను. అంతకు ముందు మూడు రోజులు ఇరుగుపొరుగు వాళ్లు తెచ్చిపెట్టారు. మా పిల్లలిద్దరూ అందులో ఏదీ ముట్టలేదు. పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు. పెద్దది వద్దంటే చిన్నది కూడా వద్దనేది. వాళ్లు ఏడ్చి మారాం చేసి ఉంటే చూసేవాళ్లకు అర్థమయ్యేది. వాళ్లు ఏడవలేదు. పళ్లెం ముందు కూర్చుని, కాసేపు చూసి, చేయి కడుక్కుని లేచిపోయేవారు.

అది యుద్ధం నడుస్తున్న కాలం. రామన్నపేటకు నడిచి పోయేంత దూరంలో ఉన్న ఒక ఊళ్లో, ఇటలీ దేశం నుంచి వచ్చిన కన్యస్త్రీలు నడిపే బడిలో నేను పంతులును. వాళ్ల మఠం, బడి, చిన్న దవాఖాన, గుడి ఒకే ఆవరణలో ఉండేవి. నా భార్య ఆ మఠంలోనే పెరిగింది. ఆమె తండ్రి కలరాతో పోయాడు. సెంటు భూమి లేని కుటుంబం. ఏడేళ్ల పిల్లను తల్లి హాలియా వాగు అవతలి నుంచి తీసుకొచ్చి కన్యస్త్రీలకు అప్పగించి వెళ్లింది. అప్పటి నుంచి మా పెళ్లి దాకా ఆమె వాళ్ల వంటింట్లోనే ఉంది.

అందుకే మా ఇంటి తిండి ఊరి తిండిలాగా ఉండేది కాదు. నేను జొన్నరొట్టె తిని పెరిగినవాణ్ణి, నాకు అదే పెట్టేది. తనకూ, పిల్లలకూ మాత్రం మఠంలో నేర్చుకున్నది వండేది. అలసందలు, సొరకాయ ముక్కలు, ఏదో ఒక ఆకుకూర కలిపి చెంచా నిలబడేంత చిక్కగా ఉడికించేది. మేకపాలు విరగ్గొట్టి, గుడ్డలో కట్టి వేలాడదీసి, ఆ గడ్డను చిదిమి మీద చల్లేది. అన్నిటికంటే ఎక్కువగా చేసేది పస్తా. గోధుమపిండిలో గుడ్లు కొట్టిపోసి పిసికి, పీట మీద పల్చగా ఒత్తి, కత్తితో సన్నని పట్టీలుగా కోసేది. నులకమంచం మీద ఉతికిన పంచె పరిచి వాటిని ఆరబెట్టేది. తరువాత ఉడికించి, నీళ్లు వంచి, ఎల్లిగడ్డ వేసి మగ్గించిన టమాటాలో కలిపేది. ఆ టమాటాలు మఠం తోటలోవి. ఊళ్లో ఇంకెవరూ పండించేవారు కాదు.

పిల్లలకు ఆ తిండే తిండి. జొన్నరొట్టె గొంతులో గీసుకుంటుందనేవారు. పచ్చిపులుసు వాసన చూసి ముక్కు మూసుకునేవారు. అది తప్పని అప్పట్లో నాకు అనిపించలేదు. వండే మనిషి ఉంది కాబట్టి.

నేను మొదటిసారి చేసిన పస్తా ముద్ద కట్టింది. రెండోసారి నీళ్లలో కరిగిపోయింది. మూడోసారి పట్టీలు పట్టీలుగానే మిగిలాయి. పెద్దది ఒకటి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"ఎట్లుంది?" అన్నాను.

"తోలు లెక్క సాగుతాంది బాపూ."

"చిన్నదానా, నువ్వు చెప్పు."

"అక్క జెప్పింది గద," అంది చిన్నది. దాని పళ్లెంలోది ముట్టుకోనే లేదు.

మఠం వంటింటి పెద్ద అమ్మగారి దగ్గరికి వెళ్లాను. నా భార్యకు వంట నేర్పింది ఆమే. మగవాళ్లు లోపలికి పోకూడదు. వంటింటి కిటికీ బయట నిలబడి మాట్లాడాను. ఆమెకు అప్పటికే డెబ్బై దగ్గర పడి ఉంటుంది. యుద్ధం మొదలైనప్పటి నుంచి, శత్రుదేశపు మనుషులని, వాళ్లను ఊరు దాటి పోనివ్వడం లేదు. వాళ్ల దేశం నుంచి ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. చేతిలో నోటుపుస్తకం పట్టుకుని, పిండి ఎంత, గుడ్లు ఎన్ని, నీళ్లు ఎన్ని అని అడిగాను.

"రాయకు," అంది ఆమె. "పిండి తీసుకొని రా."

మరునాడు పొద్దున పిండి పిసికి, తడిగుడ్డలో చుట్టి, బడికి పోతూ తీసుకెళ్లాను. ఆమె కిటికీ చువ్వల మధ్య నుంచి చేయి బయటికి చాచి, పిండిని రెండు వేళ్లతో నొక్కి చూసింది. "నీళ్లు ఎక్కువ," అని వెనక్కి ఇచ్చింది. ఆ మరునాడు "ఇంకా పిసకాలి" అంది. దారిలో బడి పిల్లల తల్లిదండ్రులు ఎదురైతే ఆ మూటను చంకలో పెట్టుకునేవాణ్ణి. అయిదో రోజో ఆరో రోజో ఆమె నొక్కి చూసి ఏమీ అనలేదు. వదిలిపెట్టింది.

ఆ రోజు పట్టీలు బాగానే వచ్చాయి. పెద్దది రెండు తిని పళ్లెం పక్కకు జరిపింది.

"అమ్మ చేసినట్టు లేదా?"

"లేదు."

"ఏం తక్కువయింది?"

"ఏమో. అది గాదు."

నేను మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లి, మీరు నేర్పినట్టే చేశాను, అయినా తినలేదని చెప్పాను.

"అమ్మాయి చేసింది మా వంట కాదు," అంది. "పెళ్లి అయిన సంవత్సరం మాకు వండి తెచ్చింది. చాలా కారం. మేము అందరం నీళ్లు తాగాము. బాగుంది అని చెప్పాము. అందులో ఇంకా ఏదో ఉంది. ఏమిటి అని అడిగాను. నవ్వింది, చెప్పలేదు."

తరువాత తనంతట తానే, "మా ఇంట్లో రోజూ మక్కపిండి ఉడికించిన గటక. ఇది పండగకు మాత్రమే," అంది. వాళ్ల ఊరి గురించి ఆమె చెప్పగా నేను విన్నది అంతే.

ఆ "ఇంకా ఏదో" ఏమిటో నేను వెతికాను. ఎండుమిరపకాయలు దంచి వేశాను. నువ్వుల పొడి వేశాను. ఒకరోజు చింతపండు, ఒకరోజు పుంటికూర. ఏది వేసినా పెద్దది ఒక్క పట్టీ నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "గాదు" అనేది. విసుగు లేకుండా చెప్పేది. అది కూడా వెతుకుతోందని నాకు తెలుసు. దొరక్కపోతే తినదు. రోజుకు నాలుగైదు ముద్దలు, గ్లాసెడు పాలు, అంతే. చేయి ఎత్తితే మోచేతి దగ్గర ఆగే గాజులు భుజం దాకా జారడం మొదలైంది.

ఆ రోజుల్లో నాకేమీ అనిపించేది కాదు. నిజంగానే. పొద్దున లేచి విసుర్రాయి దగ్గర కూర్చుంటే చేతులు పనిచేసేవి. బడిలో పాఠం చెపుతుంటే నోరు పనిచేసేది. నాకు గుర్తున్నవి ఈ పనులే.

మాకు పాలు పోసేది పక్కింటి గొల్ల అవ్వ. ముసలిది. నోరు పెద్దది, మనసు మంచిది. ఒకరోజు నేను లోపల పొయ్యి దగ్గర ఉండగా, గడప బయట ఆమె పెద్దదానితో మాట్లాడటం వినపడింది.

"పొద్దుగాల ఏం దిన్నవే?"

"పస్తా."

"అయ్యో. మరి నిన్న?"

"నిన్న గూడ పస్తానే."

"మరి రేపు?"

"రేపు గూడ పస్తానేనట. బాపు జెప్పిండు."

అవ్వ పాలచెంబు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. నాకు అందులో విడ్డూరమేమీ కనిపించలేదు. మా ఇంట్లో అది రోజూ పలికే మాట.

ఆ మధ్యాహ్నం అవ్వ రెండు జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం పంపింది. మరునాడు బడిలో ఒక పిల్లవాడి తండ్రి కండువా కొంగులో పల్లికాయలు తెచ్చి, "పిల్లలకు వెట్టుండ్రి పంతులు, నామోషీ వడకుండ్రి," అన్నాడు. ఇంకొకరు సజ్జలు తెచ్చారు. భార్య పోయినవాడి మీద ఊరికి జాలి ఉంటుంది గదా అనుకున్నాను. నామోషీ ఎందుకో అడగలేదు. గొల్ల అవ్వ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. పాలు గడప మీద పెట్టి వెళ్లేది.

ఎండలు ముదిరే ముందు మా ఊరి గొల్లలు గొర్రెలను మేతకు కృష్ణ ఒడ్డుకు, నందికొండ వైపు తోలుకుపోతారు. హాలియా వాగు దాటి పోవాలి. ఆ దారిలోనే మా అత్త ఊరు.

వాళ్లు పోయిన కొన్నాళ్లకు ఒక ఉదయం మా ఇంటి ముందు బండి ఆగింది. ఏదో పండగకు బడి సెలవు. మా అత్త దిగింది. రెండు రోజులు బండిలో వచ్చిన మనిషి. కాళ్లు కడుక్కోమని నీళ్లిస్తే తీసుకోలేదు. మా వైపు అత్త అల్లుడితో ఎదురుగా నిలబడి మాట్లాడదు. మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. ఆమె తలుపు చాటున నిలబడి పెద్దదాన్ని దగ్గరికి లాక్కుంది.

"మీ బాపునడుగు బిడ్డా, నా బిడ్డ పోయింది సాలలేదా, దాని పిల్లలను గూడ సంపుదామనుకుంటుండా అని."

"బాపూ, అవ్వ..."

"విన్నాను," అన్నాను.

"ఇన్నడట. ఇంటే జవాబు జెప్పమను. పిల్లలను దినాం పస్తు పండవెడుతుండని కృష్ణ దాక ఎర్కయింది. గొర్లోళ్లు మా ఇంటి ముందట్ల నిలవడి జెప్పిండ్రు. ఊరు ఊరంత ఇన్నది. పంతులుగిరీ జేసి పిల్లలకు గింత గటక వొయ్య శాతగాదా, అడుగు."

అప్పుడు నాకు అర్థమైంది. రొట్టెలు, పల్లికాయలు, గొల్ల అవ్వ మొహం, అన్నీ అర్థమయ్యాయి. నేను నోరు తెరిచేలోపే పెద్దది అందుకుంది.

"పస్తు గాదవ్వా. పస్తా."

"రెండిట్ల ఏం ఫరక్ ఉన్నదే?"

"పస్తంటే తిననిది. పస్తా అంటే తినేది."

"పస్తా అంటే తినేదా! గిదేనా మీ బళ్లె నేర్పేది?"

"నిజంగనే అవ్వా. అమ్మ చేసేది గద."

ఆ మాటతో ఆమె ఆగిపోయింది. పెద్దది ఆమె చేయి పట్టుకుని వెనక వసారాలోకి తీసుకెళ్లింది. అక్కడ మంచం మీద, పంచె మీద, ఆ పొద్దున నేను కోసిన పట్టీలు ఆరుతున్నాయి. నేను దూరంగా నిలబడ్డాను.

"గివేంది, పేగుల్లెక్క," అంది మా అత్త. ఒకటి తీసి వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. తరువాత గడప మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే నవ్వుతోందనుకున్నాను. కాదు. కూతురు ఆ ఊరికి పోయినప్పుడల్లా తల్లి వండిన గటకే తిని వచ్చేది. అక్కడ ఎప్పుడూ ఇది వండలేదు.

నాకు అప్పుడే ఇంకొకటి కూడా తట్టింది. నా భార్య వాకిట్లో ఎవరైనా ఏం వండావని అడిగితే "సేమ్యా" అనేది. పస్తా అన్న మాట గడప లోపలే. పదేళ్లు ఆ మాట ఆమె బయటికి పోనివ్వలేదు. ఎందుకో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. బయట ఎక్కడ ఏ మాట అనకూడదో పిల్లలకు చెప్పేలోపే ఆమె పోయింది.

మా అత్త మొహం తుడుచుకుని లేచింది. నా మీద పడ్డ నింద తొలగిందనుకున్నాను. ఆమె పెద్దదాని చేయి ఎత్తి పట్టుకుంది. గాజులు జరజరా భుజానికి జారాయి.

"మీ బాపుకు జెప్పు. పస్తయితేంది, పస్తా అయితేంది, పొల్ల శేతులు సూడుమను. ఎండు కట్టెలైనయి. నేను ఆయితారం దాక ఉంట. పళ్లెం ఖాళీ అయితే సరే. కాకుంటే ఇద్దర్ని బండెక్కిస్త."

ఆ రోజు సోమవారం. బండివాణ్ణి ఊళ్లోనే ఉండమంది.

నేను ఎదురు చెప్పలేదు. పిల్ల చిక్కిపోయింది, అది ఎవరికైనా కనిపిస్తుంది. హాలియా అవతలికి పోతే, బడి సెలవుల్లో తప్ప నేను వాళ్లను చూడలేను. ఇల్లు ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో ఊహించబోయాను. ఊహకు రాలేదు. వాళ్లు పోకూడదని మాత్రం తెలుసు.

మంగళవారం పొద్దున పెద్దది పళ్లెం మొత్తం తినేసింది. ఇంకొంచెం పెట్టమంది. అది చూసి చిన్నది కూడా తింది. బుధవారం కూడా అంతే. నేను ఏమీ కొత్తగా వేయలేదు. అదే టమాటా, అదే కారం. నా చేయి కుదిరిందనుకున్నాను. మఠం కిటికీ దగ్గర ఆగి, తింటున్నారని అమ్మగారికి చెప్పాను కూడా. ఆమె శిలువ గుర్తు వేసుకుంది.

గురువారం నేను సరిగా చూశాను. పెద్దది ప్రతి ముద్దకూ నీళ్లు తాగుతోంది. నమలడం లేదు. నోట్లో పెట్టుకుని, చెంబు ఎత్తి, మింగి, మళ్లీ పెట్టుకుంటోంది. కళ్లు పళ్లెం మీద లేవు. ఎదురుగా కూర్చున్న మా అత్త మొహం మీద ఉన్నాయి. తిన్న తరువాత వాకిలి దాటి గొల్ల అవ్వ మేకల దొడ్డి వెనక్కి పోయింది. నేను వెనక పోయాను. గోడకు చేయి ఆనించి వాంతి చేసుకుంటోంది. నన్ను చూసి మూతి తుడుచుకుంది.

"అవ్వకు జెప్పకు బాపూ," అంది.

నేను చెప్పలేదు. మోసం చేస్తున్నానని తెలుసు. ఆదివారం దాకా ఇలా గడిస్తే చాలనుకున్నాను. ఈ ముక్క రాయడం నాకు ఇష్టం లేదు, కానీ జరిగింది అదే.

శనివారం మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తానే జొన్న గటక వండి, దాంట్లో మజ్జిగ పోసి పిల్లలకు పెట్టింది. ఆ గటకను పెద్దది ముట్టుకున్న రోజు నాకు గుర్తు లేదు. ఆ పొద్దున మాత్రం చేయి పెట్టి తినడం మొదలుపెట్టింది. ఒక ముద్ద, ఒక గుక్క నీళ్లు. ఒక ముద్ద, ఒక గుక్క.

"నమిలి తిను బిడ్డా."

"తింటున్న అవ్వా."

"మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"ఇంకింత వెట్టాల్నా?"

పెద్దది తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా తల ఊపింది. మా అత్త పెట్టలేదు. పళ్లెం దాని ముందు నుంచి తీసి పక్కన పెట్టింది. పిల్ల చేయి కడిగి, కొంగుతో తుడిచి, చెల్లెల్ని తీసుకుని బయటికి పోయి ఆడుకొమ్మంది. వాళ్లు పోయాక తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, నా ఎదురుగా నిలబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అది మొదటిసారి.

"అల్లుడా, నీకు తెల్సా?"

"తెలుసు," అన్నాను.

"ఎన్నొద్దుల సంది?"

"గురువారం నుంచి."

"నేను మంగళారం నాడే సూసిన." పక్కన పెట్టిన పళ్లెం చూపించింది. "గది తినుడు గాదు. మింగుడు. నన్ను సూసి బుగులుతోని మింగుతాంది. ఈడికెల్లి తీస్కపోతే గాడ గూడ గట్లనే నా మొకం సూస్కుంట మింగుతది. నేనేం జేసుకోవాలె దాన్ని?"

ఆమె చూపు బయట ఆడుతున్న పిల్లల మీదికి పోయింది.

"దాని తల్లిని ఏడేండ్లప్పుడు గా మఠంల ఇడిసిపెట్టి పోయిన. పోయేటప్పుడు ఏడ్సలేదు. నేను వెట్టిన రొట్టె మొత్తం తిన్నది, నా మొకం దిక్కు సూస్కుంట. మంచిగ తిన్నది గద, ఫికర్ లేదనుకుంట పోయిన."

అంత చెప్పి మళ్లీ తలుపు చాటుకు జరిగింది.

"బండోనికి జెప్పు, రేపు పూజ అయినంక పోవాలె. నేనొక్కదాన్నే."

"పిల్లలు?"

"నీ పిల్లలు నీకాన్నే ఉంటరు."

ఆదివారం పూజ అయ్యాక ఆమె బండెక్కింది. ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని నెత్తులు నిమిరింది. బండి కదిలే ముందు పెద్దదాన్ని పిలిచి, నాకు వినపడేటట్టే, "మీ బాపుకు జెప్పు, బయట మాత్రం గా పాడు మాట అననీయకు అని. మా ఊళ్లె నేను తల ఎత్తకుండ అయింది," అంది. గొల్ల అవ్వ తన వాకిట్లో నిలబడి అంతా విన్నది. ఏం పాడు మాటని బండి వెనక నడుచుకుంటూ పోయి మరీ అడిగింది. మా అత్త బండి ఆపించి చెప్పింది. అవ్వ అక్కడే దారిలో కూలబడి, నెత్తి కొట్టుకుంటూ, నవ్వుతూ, "ఓ పంతులూ, నేనెంత పని జేస్తి!" అని అరిచింది. నేను తల ఊపి లోపలికి వచ్చాను.

సాయంత్రం పట్టీలు ఉడికించాను. ఇంకా వెలుతురుండగానే ముగ్గురం వసారాలో కూర్చున్నాం. పెద్దది చెంబు దగ్గరికి తీసుకోలేదు. ఒక ముద్ద నమిలింది. రెండోది నమిలింది. పళ్లెం పక్కకు జరిపింది.

"మంచిగ లేదు బాపూ."

"సరే," అన్నాను.

నా మొహం వైపు చూసింది. నేను ఇంకేమీ అనకపోయేసరికి లేచి, చేయి కడుక్కుని, వాకిట్లోకి పోయింది. చిన్నది తన పళ్లెంలో ఇంకో రెండు పట్టీలు వెతుక్కుని తిని, అక్క వెనక పరుగెత్తింది.

వాళ్లు వదిలేసింది నేను తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.